విహార పడవ మీద నమోదు నంబరు రాయించే పద్ధతి: గంజాం జిల్లా తెలుగువారి కోసం

ఒడిశాలో చిలికా సరస్సు దక్షిణపు కొసన ఉన్న రంభ చుట్టుపక్కల, ఇటు గోపాల్‌పూర్ దాకా, సొంత విహారానికో పర్యాటకులను తిప్పడానికో మోటారు పడవ పెట్టుకున్న తెలుగు కుటుంబాలు నమోదు కాగితాల కోసం ఎంతైనా తిరుగుతాయి గానీ, నంబరు చేతికొచ్చాక దానిని పడవ మీద రాయించే పనిని మాత్రం పెయింటరుకు వదిలేస్తాయి. నంబరు సరైనదే అయినా అవతలి పడవలో ఉన్నవారికి, ఒడ్డున ఉన్న గస్తీ సిబ్బందికి కనబడకపోతే నమోదు చేయించిన ప్రయోజనం సగం పోయినట్టే.

1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల (ఇన్‌లాండ్ వెసెల్స్) చట్టం ప్రకారం, నదులు, సరస్సులు, కాలువల వంటి లోతట్టు జలాల్లో యంత్రంతో నడిచే పడవకు నమోదు ఉండాలి, కేటాయించిన నంబరు పడవ మీద స్పష్టంగా కనిపించాలి. ఈ చట్టం కింద ఇచ్చిన నమోదు పత్రం దేశమంతటా చెల్లుతుంది. సరిహద్దులో ఉండే మనకు ఇదే పెద్ద వెసులుబాటు, ఎందుకంటే సరిహద్దు దాటి ఆంధ్రలోని ఇచ్ఛాపురం అవతలికి వెళ్లినంత మాత్రాన ఇంకో రాష్ట్రం అనుమతి వేరుగా తెచ్చుకోవలసిన పని లేదు. మత్స్యశాఖ చేపల పడవకు ఇచ్చే నంబరు సంగతి వేరు. అది ఉంది కదా అని అదే పడవలో పర్యాటకులను ఎక్కించుకోకూడదు.

రాయించే ముందు నమోదు పత్రాన్ని ఎదురుగా పెట్టుకుని, అందులో అక్షరాలు, అంకెలు, మధ్య గీతలు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో ఒక కాగితం మీద పెద్దగా రాసి పెయింటరుకు ఇవ్వండి. నోటి మాటగా చెప్పవద్దు. పడవ పేరు తెలుగులోనో ఒడియాలోనో మీ ఇష్టం వచ్చినట్టు రాయించుకోవచ్చు గానీ, నంబరును పత్రంలో ఉన్న లిపిలోనే ఉంచాలి. ఇంగ్లిషు 'ఓ' అక్షరానికీ సున్నాకూ, 'ఐ' అక్షరానికీ ఒకటి అంకెకూ తేడా తెలిసేలా రాయించండి. ఈ గందరగోళం వల్లనే అమెరికాలో పడవ నంబరు చివరి అక్షరాల్లో 'ఐ', 'ఓ', 'క్యూ' వాడకూడదని నియమం పెట్టారు.

కొలతల విషయంలో మీ నమోదు అధికారి రాసి ఇచ్చిన మాటే చెల్లుతుంది. అయితే చదవడానికి వీలుగా రాయడం ఎలాగో తెలుసుకోవడానికి అమెరికా సమాఖ్య నియమం మంచి నమూనా. అక్కడ విహార పడవ ముందు సగంలో, రెండు పక్కలా, కనీసం 3 అంగుళాల ఎత్తున్న, అలంకారం లేని నిటారు అక్షరాలతో (బ్లాక్ లెటర్లతో), వెనుక రంగుకు పూర్తిగా భిన్నమైన రంగులో, ఎడమ నుంచి కుడికి చదివేలా నంబరు ఉండాలి. అక్షరాల గుంపుకూ అంకెల గుంపుకూ మధ్య ఒక అక్షరం వెడల్పున ఖాళీ గానీ అడ్డగీత గానీ ఉండాలి. ఈ ఖాళీని మన పెయింటర్లు తేలిగ్గా మింగేస్తారు. అప్పుడు దూరం నుంచి చూసేవారికి అంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. వాలు అక్షరాలు, నీడ గీతలు, పూల తీగలు పడవ పేరుకు పనికివస్తాయేమో గానీ నంబరుకు పనికిరావు.

రెండో పక్కన రాసేటప్పుడే అసలు చిక్కు వస్తుంది. నంబరు ఒక పక్క అణియం (పడవ ముందు కొస) దగ్గర మొదలై అమరం (వెనుక కొస) వైపు సాగితే, మరో పక్క అమరం వైపు మొదలై అణియం దగ్గర ముగుస్తుంది. ఇది సరిగ్గా లేదనుకుని స్టెన్సిల్‌ను తిరగేసి కొట్టారంటే అక్షరాలు అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారవుతాయి. కాబట్టి రెండు పక్కలా ఒకే స్టెన్సిల్‌ను ఒకే ముఖంతో వాడించండి. అణియం కొస మరీ లోపలికి వాలి ఉన్నచోట రాస్తే నీళ్ల మీది నుంచి చూసేవారికి కనబడదు. కొంచెం వెనక్కి జరిగి, పక్క చదునుగా ఉన్న చోటును ఎంచుకోవాలి. జనం ఎక్కి పడవ బరువుగా దిగినప్పుడు కూడా నంబరు నీటికి పైనే ఉండాలి, రేవులో ఒరిపిడి తగలకుండా వేలాడదీసే పాత టైర్లు దానిమీద పడకూడదు.

తెల్ల పడవకు నలుపో ముదురు నీలమో, నీలం పడవకు తెలుపో సరిపోతుంది. ఎరుపు మీద నలుపు ఒడ్డున బాగానే కనిపిస్తుంది గానీ సాయంకాలం వెలుతురులో కలిసిపోతుంది. కొత్త ఫైబర్ పడవ పైభాగంలో అచ్చు నుంచి వచ్చిన మైనపు పొర ఉంటుంది. దానిని థిన్నర్‌తో తుడిచి, సన్న ఎమరీ పేపర్‌తో రుద్ది, దుమ్ము పోయాక, పూర్తిగా ఆరిన ఉపరితలం మీదనే రంగు వేయించాలి. లేకపోతే చిలికా ఉప్పునీటికి కొద్దికాలంలోనే అంచులు లేచిపోతాయి. స్టిక్కరు అంటించాలనుకునేవారికీ ఈ తయారీ తప్పదు. గాలి నింపే రబ్బరు పడవ మీద మాత్రం రంగు నిలవదు, దానికి నంబరు రాసిన పలకను గట్టిగా బిగించడమే మార్గం.

ఇచ్ఛాపురం వైపు నుంచి పాత పడవ కొని తెచ్చుకున్నవారు యాజమాన్య మార్పును ముందుగా నమోదు అధికారికి తెలియజేసి, కొత్త నంబరు కేటాయిస్తే పాతదాన్ని పూర్తిగా గీకేయాలి. ఒక పూత రంగుతో కప్పితే ఎండకు ఆ పాత అంకెలు మళ్లీ తేలి, ఒకే పడవ మీద రెండు నంబర్లు కనబడి తనిఖీలో అనవసరమైన ప్రశ్నలు పుడతాయి. గంగమ్మ పూజనాడు అణియానికి పసుపు కుంకుమలు పూసి దండలు వేస్తారు. వాటిని నంబరును కప్పకుండా దానికి ఎగువనో అణియం కొస వైపునో ఉంచుకుని, తర్వాత పసుపు మరకను తడి గుడ్డతో తుడిచేయాలి. ఎండకు పాలిపోయిన అక్షరాలను పర్యాటకుల రద్దీ పెరిగే చలికాలానికి ముందే మళ్లీ దిద్దించుకుంటే, పడవను రేవులో నిలిపివేయవలసిన అవసరం రాదు.