రెండు వేర్వేరు కంపెనీల రౌటర్లను వ్యాన్ (దూరంగా ఉన్న చోట్లను కలిపే నెట్‌వర్క్) లింకుతో కలపడం

ఒక చివర సిస్కో కంపెనీ రౌటర్, అవతలి చివర జునిపర్ కంపెనీది. కేబుల్ బాగుంది, సిగ్నల్ వస్తోంది, అయినా సిస్కోలో లైన్ అప్, ప్రోటోకాల్ డౌన్ అని కనిపిస్తోంది. చాలామంది వెంటనే లైను ఇచ్చినవాళ్లకు ఫోన్ చేస్తారు. నేనైతే ముందు ఎన్‌క్యాప్సులేషన్, అంటే లింకు మీద డేటాను చుట్టి పంపే పద్ధతి, చూస్తాను.

ఈ పద్ధతుల్లో సిస్కో సీరియల్ పోర్టు డిఫాల్ట్ హెచ్‌డీఎల్‌సీ. అందులో ఒక అదనపు ఫీల్డును సిస్కో తన పద్ధతిలో చేర్చుకుంది. జునిపర్ డిఫాల్ట్ పీపీపీ అనే ఇంకో పద్ధతి. జునిపర్‌లో సిస్కో హెచ్‌డీఎల్‌సీ కూడా పెట్టుకోవచ్చు గానీ, నేను రెండువైపులా పీపీపీకే ఓటేస్తాను. రేపు ఒక రౌటర్ మార్చి ఇంకో కంపెనీది తెచ్చినా రెండోవైపు ముట్టుకోనక్కర్లేదు. నడుస్తున్న లింకు మీదే ఈ మార్పు చేస్తుంటే ముందు దూరంగా ఉన్న రౌటర్‌లో చేయండి. దగ్గరిది ముందు మార్చారో, అవతలిదాన్ని అందుకునే దారే పోతుంది.

మొదట పాస్‌వర్డ్ లేకుండానే లింకు లేపండి. పీపీపీలో లింకును కుదిర్చే ఎల్‌సీపీ, ఐపీని కుదిర్చే ఐపీసీపీ రెండూ ఓపెన్ అయ్యాకే చాప్ (పాస్‌వర్డ్‌తో అవతలి రౌటర్‌ను సరిచూసే పద్ధతి) పెట్టండి. సిస్కో మామూలుగా తన హోస్ట్‌నేమ్‌నే చాప్ పేరుగా పంపుతుంది కాబట్టి జునిపర్ ప్రొఫైల్‌లో అదే పేరు అక్షరం పొల్లు పోకుండా ఉండాలి.

రౌటింగ్‌కు, అంటే రౌటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకోవడానికి, ఓఎస్‌పీఎఫ్ గానీ బీజీపీ గానీ వాడండి. ఈఐజీఆర్‌పీ అనే ఇంకో రౌటింగ్ పద్ధతి జునిపర్‌లో నడవదు. ఓఎస్‌పీఎఫ్ అయితే హలో (పలకరింపుల మధ్య వ్యవధి) 10, డెడ్ (పలకరింపు రాకపోతే అవతలిది పోయిందనుకునే గడువు) 40 సెకన్లు, ఏరియా, నెట్‌వర్క్ టైప్ రెండుచోట్లా ఒకటే ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది ఎంటీయూ (ఒక్కసారిగా పంపగల గరిష్ఠ సైజు), ముఖ్యంగా లింకు ఈథర్‌నెట్ మీద వచ్చినప్పుడు. సిస్కో ఐఓఎస్‌లో (సిస్కో రౌటర్ సాఫ్ట్‌వేర్) 1500 అంటే ఐపీ ప్యాకెట్ సైజు, బైట్లలో. జునిపర్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూలో 14 బైట్ల ఈథర్‌నెట్ హెడర్ కూడా కలిసి ఉంటుంది, అందుకే అక్కడ డిఫాల్ట్ 1514. ఆ రెండూ సమానమే! అంకెలు కలవలేదని జునిపర్‌లో 1500 పెడితే ఐపీకి మిగిలేది 1486. అప్పుడు పింగ్ హాయిగా వెళ్తుంది, ఓఎస్‌పీఎఫ్ మాత్రం ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గరే ఆగిపోతుంది. ఎంటీయూ తేడాను పట్టించుకోవద్దని చెప్పే కమాండ్ సిస్కోలో ఉంది, కానీ దయచేసి దాన్ని వాడకండి. నైబర్ (అవతలి రౌటర్‌తో ఓఎస్‌పీఎఫ్ బంధం) లేచినా పెద్ద ప్యాకెట్లు దారిలో తప్పిపోతూనే ఉంటాయి.

చివరగా ఫ్రాగ్మెంట్ చేయొద్దన్న (ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దని చెప్పే) బిట్‌తో పింగ్ చేయండి. సిస్కోలో సైజు 1500 ఇవ్వాలి. జునిపర్‌లో ఐపీ, ఐసీఎంపీ హెడర్లు లెక్కలోకి రావు కాబట్టి 1472 ఇవ్వాలి. రెండు దిక్కుల నుంచీ జవాబు వచ్చాకే ట్రాఫిక్ మళ్లించండి.