థ్రిల్లర్, డ్రామా – 4వ పాఠం: బీరువా తలుపు ఎప్పుడు తెరవాలి?

పోయిన పాఠంలో ఒకే గదిని మూడు షాట్లలో తీయమన్నాను. ఈసారి అదే గదిలో ఒక బీరువా పెట్టి, ఒకే కథను థ్రిల్లర్‌గా ఒకసారి, డ్రామాగా ఒకసారి తీద్దాం.

కథ చిన్నది. అప్పు తీర్చడానికి కొడుకు అమ్మ బంగారు గాజులు అమ్మేశాడు. ఆవిడకు తెలియదు. పెళ్లికి బయల్దేరుతూ గాజుల కోసం బీరువా దగ్గరికి వస్తుంది.

గాజులు లేవన్న సంగతి ప్రేక్షకుడికి ఎప్పుడు చెప్పాలి? కొత్తగా రాసేవాళ్లు చాలామంది చివరిదాకా దాస్తారు. దాస్తే దక్కేది ఒక్క ఉలికిపాటు. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో మాట్లాడుతూ, థ్రిల్లర్లకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ బల్ల కింద బాంబు ఉదాహరణ చెప్పాడు. బాంబు ఉందని మనకు తెలియకుండా పేలితే పదిహేను సెకన్ల షాక్. ముందే చూపిస్తే పదిహేను నిమిషాల టెన్షన్. 2014లో వచ్చిన తెలుగు ‘దృశ్యం’లో చంపిందెవరో మనకు ముందే తెలుసు. అందుకే పోలీసులు ప్రశ్న వేసిన ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది.

కాబట్టి మన థ్రిల్లర్‌లో మొదటి షాట్, ఖాళీ గాజుల పెట్టె మూస్తున్న కొడుకు చేతులు. తర్వాత అమ్మ గొంతు: "ఒరేయ్, తాళంచెవి ఎక్కడ పెట్టావురా?" అది వాడి పిడికిట్లోనే ఉంది. క్లోజప్. ఇవ్వక తప్పదు, ఇస్తాడు. తాళం తిరుగుతుండగా పక్కింటావిడ పిలుస్తుంది. అమ్మ వెళ్తుంది, మళ్లీ వస్తుంది. మ్యూజిక్ వద్దు, ఫ్యాన్ చప్పుడు, తాళాల గుత్తి గలగల చాలు. తలుపు తెరుచుకోగానే కట్.

డ్రామాలో తలుపు తొందరగా తెరవండి. అసలు సీను ఆ తర్వాతే మొదలవుతుంది. ఆవిడ ఖాళీ పెట్టె చూస్తుంది. గుమ్మంలో నిలబడ్డ కొడుకును చూస్తుంది. ఇక్కడ కట్ చేయకండి, చేయి ఎంత లాగినా ఆగండి. పెట్టె మూసి, బీరువాకు తాళం వేసి, మట్టిగాజుల చేత్తోనే కొంగు సర్దుకుంటూ అడుగుతుంది: "అన్నం తిన్నావా?" ఏడుపూ పెద్ద డైలాగూ పెడితే ఈ ప్రశ్న బరువు పోతుంది. నాకైతే సీనంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

మీ పని: ఫోన్‌తో రెండూ తీయండి, ఒక్కోటి రెండు నిమిషాలు. తలుపు తెరిచే షాట్ రెండింటిలోనూ ఒకటే వాడండి. థ్రిల్లర్‌లో అది చివరి ఇరవై సెకన్లలో రావాలి, డ్రామాలో మొదటి ఇరవై సెకన్లలో. ఇంట్లో ఒకరికి చూపించండి. మీరు మాత్రం తెర వైపు కాకుండా వాళ్ల మొహం వైపు చూస్తూ, ఎక్కడ కదిలారో సెకన్లతో సహా రాసుకోండి. 5వ పాఠానికి ఆ కాగితం కావాలి.