స్టాటిస్టిక్స్ పుస్తకం నలుగురు కలిసి రాస్తుంటే వచ్చే చిక్కులు, వాటికి పనికొచ్చే టూల్స్

డిగ్రీ విద్యార్థుల కోసం తెలుగులో స్టాటిస్టిక్స్ పుస్తకం మేం నలుగురం కలిసి రాస్తున్నాం. మొదట వర్డ్ ఫైళ్లు మెయిల్లో తిప్పుకున్నాం, తర్వాత గూగుల్ డాక్స్‌కి మారాం, ఇప్పుడు క్వార్టోలో (పాఠాన్ని, లెక్కలు చేసే కోడ్‌ని ఒకే ఫైలులో రాసుకునే టూల్) రాస్తున్నాం. ఏ టూల్ తీసుకోవాలని అడిగేవాళ్లు ముందు తమకు ఎక్కడ ఇబ్బంది వస్తోందో చూసుకోవాలి. టూల్ దాన్నిబట్టి తేలుతుంది.

సమస్య: పట్టికలో ఒక జవాబు, పాఠంలో ఇంకో జవాబు

అన్నిటికంటే ప్రమాదం ఇదే. విద్యార్థి తన లెక్కే తప్పిందనుకుని అరగంట తల పట్టుకుని కూర్చుంటాడు.

చాలాసార్లు కారణం అంకెను చేత్తో టైప్ చేయడమే. డేటాలో ఒక విలువ సరిదిద్దితే పట్టిక మారుతుంది గానీ, దాని కింది వాక్యం మారదు. అంకె కోడ్ నుంచే నేరుగా వాక్యంలోకి రావాలి. ఆర్ మార్క్‌డౌన్ (క్వార్టోకి ముందు వచ్చిన ఇలాంటి టూల్), క్వార్టో రెండూ ఈ పని చేస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 2022లో వచ్చిన క్వార్టోనే తీసుకోండి. అందులో ఆర్, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలు రెండూ నడుస్తాయి, ఒకే మూలం నుంచి పీడీఎఫ్, వెబ్ పేజీలు, ఈపబ్ వస్తాయి. సమీకరణాలే ఎక్కువగా ఉండి కోడ్ పెద్దగా లేకపోతే, సమీకరణాలను అచ్చుకు సిద్ధం చేసే లాటెక్‌ని బ్రౌజర్లోనే కలిసి రాసుకునే ఓవర్‌లీఫ్ చాలు.

అంకెలు కోడ్ నుంచే వస్తున్నా తేడా కనిపిస్తే, ఇద్దరు రచయితలు వేర్వేరు సాఫ్ట్‌వేర్ వాడుతున్నారేమో చూడండి. 2, 4, 4, 4, 5, 5, 7, 9 తీసుకోండి. సగటు 5. ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో 2 వస్తుంది, ఆర్‌లో 2.138 వస్తుంది. రెండూ సరైనవే. సగటు నుంచి తేడాల వర్గాల మొత్తం 32. దాన్ని నంపై 8తో భాగిస్తుంది, ఆర్ 7తో భాగిస్తుంది, ఆపైన రెండూ వర్గమూలం తీస్తాయి. నంపైలో డీడీఓఎఫ్ (ddof) అనే సెట్టింగ్ విలువ 1 అని ఇస్తే రెండూ కలుస్తాయి. ఏ సూత్రం వాడుతున్నారో మాత్రం అధ్యాయం మొదట్లోనే రాయాలి.

సీడ్ (యాదృచ్ఛిక అంకెలు మొదలవడానికి ఇచ్చే విలువ) ఒకటే ఇచ్చినా యాదృచ్ఛిక నమూనా ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా వస్తోందా? ఆర్ వెర్షన్ చూడండి. 2019లో వచ్చిన 3.6.0 నుంచి నమూనా తీసే పద్ధతి మారింది. అందరూ ఒకే వెర్షన్‌కి రండి, ప్యాకేజీల వెర్షన్లు మారకుండా ఆర్ఎన్వ్ (renv) అనే ఆర్ ప్యాకేజీతో కట్టేయండి.

సమస్య: పీడీఎఫ్‌లో తెలుగు మాయమైంది

లాటెక్ నుంచి పీడీఎఫ్ తయారుచేసే పాత ఇంజన్ పీడీఎఫ్‌లాటెక్‌తో తెలుగు కుదరదు. ఇంజన్‌ని జీలాటెక్‌కి (XeLaTeX) మార్చి, మెయిన్ ఫాంట్‌గా తెలుగు అక్షరాలున్న ఫాంట్ ఇవ్వండి. ఫాంట్ ఫైలును ప్రాజెక్టు ఫోల్డర్లోనే ఉంచండి, లేదంటే ఒకరి కంప్యూటర్లో వచ్చింది ఇంకొకరి దగ్గర రాదు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైప్ చేసిన పాత నోట్సు ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

సమస్య: కామా మార్చినా గిట్‌లో గొడవ

ఎవరు ఏం మార్చారో రికార్డు చేసి, అందరి మార్పులనూ కలిపే టూల్ గిట్. అది తేడాలను వరుసలవారీగా చూస్తుంది. పేరా అంతా ఒకే వరుసలో ఉంటే ఇద్దరు చెరో కామా మార్చినా పేరా మొత్తం ఢీకొంటుంది. ఒక్కో వాక్యాన్ని ఒక్కో వరుసలో రాయండి. మధ్యలో ఖాళీ వరుస లేకపోతే అచ్చులో అది ఒకే పేరాగా వస్తుంది. మాకు సగం తలనొప్పి దీనితోనే పోయింది.

సమస్య: ఒక అధ్యాయంలో క్రమ విచలనం, ఇంకో అధ్యాయంలో ప్రామాణిక విచలనం

రెండూ స్టాండర్డ్ డీవియేషన్‌కి తెలుగు మాటలే. ఇది టూల్ తీర్చే సమస్య కాదు. ఎవరు చదువుకున్న పుస్తకంలోని మాట వాళ్లు రాస్తారు. పదకోశం ఒక ఫైలుగా పెట్టుకుని, మాట మార్చాలంటే నలుగురూ ఒప్పుకోవాలని మేం నియమం పెట్టుకున్నాం. వెతికేటప్పుడు ‘క్రమ విచలనం’ అని వెతక్కండి. అలా వెతికితే ‘విచలనాన్ని’, ‘విచలనానికి’ దొరకవు. చివరి సున్నా (ం) వదిలేసి ‘క్రమ విచలన’ అని వెతికితే అన్నీ బయటపడతాయి.

సమస్య: పెద్దాయన గిట్ ముట్టుకోనంటున్నారు

ఆయన్ని బలవంతపెట్టొద్దు. నలభై ఏళ్లు పాఠం చెప్పినవారి కన్ను మనకు కావాలి, ఆయన ఏ టూల్ వాడతారన్నది ముఖ్యం కాదు. క్వార్టో నుంచి వర్డ్ ఫైలు తీసి ఇవ్వండి, కామెంట్లు రాయించుకోండి. వాటిని మూలంలోకి ఎక్కించే బాధ్యత మాత్రం ఒక్కరికే అప్పగించండి. మా దగ్గర ఆ పని నాది, ఆదివారం పొద్దున చేస్తాను.