పాత వాచీ ధర పెరుగుతోంది: పెట్టుకోవాలా, దాచాలా? ఎలా తేల్చుకోవాలి, ఎలా వాడాలి

బెంగళూరులో హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో వాచీల తయారీ మొదలుపెట్టింది. 2016 జనవరిలో ఆ వాచీల సంస్థ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ సంస్థ మూతపడుతోందని తెలిశాక జనతా, పైలట్, సోనా లాంటి మోడళ్ళ కోసం వెతికేవాళ్ళు పెరిగారు, ధరలూ పెరిగాయి. 1960, 70లనాటి ఒమేగా, రోలెక్స్ వాచీల ధరలైతే చాలామంది మధ్యతరగతి వాళ్ళకు అందనంత దూరం వెళ్ళిపోయాయి.

ఈ సంగతి తెలిసిన రోజు నుంచి చాలా ఇళ్ళలో నాన్నగారి వాచీ బీరువాలోకి వెళ్ళిపోతుంది. నిజానికి అలా దాచి తీరాల్సిన వాచీలు చాలా తక్కువ. పాత వాచీ విలువను ఎక్కువగా తినేసేవి రెండు: నీళ్ళు, తెలిసీ తెలియని రిపేరు. చేతికి పెట్టుకుంటే పడే గీతలు వాటి తరవాతే. ఈ తేడా పట్టుకుంటే నిర్ణయం సులువు.

1. అసలు ధర తెలుసుకోండి

ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినవాళ్ళు అడుగుతున్న ధర చూసి లెక్క వేయకండి. అది వాళ్ళ ఆశ. అమ్ముడైన ధరలు చూడాలి. అదే మోడల్ నంబరు, అదే డయల్, దగ్గర దగ్గర అదే స్థితిలో ఉన్న కనీసం నాలుగైదు వాచీల ధరలు రాసుకోండి. వేలం సంస్థలు ప్రకటించే ధరలో సాధారణంగా కొన్నవాళ్ళు సంస్థకు కట్టే కమీషన్ కూడా కలిసి ఉంటుంది, అమ్మినవాళ్ళ చేతికి అంత రాదు.

మీకు రెండు అంకెలు కావాలి. పోతే అలాంటిదే మళ్ళీ కొనడానికి ఎంత అవుతుంది? ఇవాళ అమ్మితే చేతికి ఎంత వస్తుంది? మొదటిది బీమాకు, రెండోది నిర్ణయానికి. ఈ రెండింటికీ మధ్య తేడా పెద్దగానే ఉంటుంది.

2. ఆ ధర వాచీలో ఎక్కడుందో చూడండి

గ్లాసు, కీ (పక్కన తిప్పే గుండీ), రబ్బరు రింగు, మెయిన్ స్ప్రింగు, బెల్టు: ఇవన్నీ మార్చుకోదగ్గవి. మార్చినా విలువ పెద్దగా తగ్గదు. డయల్, ముళ్ళు, కేసు (మిషన్‌ను పట్టి ఉంచే లోహపు గూడు) అంచులు అలా కాదు. వాటికి జరిగిన నష్టం తిరిగి రాదు. ధరలో సింహభాగం డయల్‌దే.

డయల్ కంపెనీదా, మళ్ళీ పెయింట్ చేసిందా అన్నది పదింతలు పెద్దగా చూపించే భూతద్దంతో చూడండి. అక్షరాల అంచులు పదునుగా ఉండాలి. గంటల గుర్తుల దగ్గరి నిమిషాల గీతలు ఆ గుర్తుల నడిమికి కచ్చితంగా రావాలి. ముళ్ళు బిగించే మధ్య రంధ్రం చుట్టూ రంగు మందంగా పేరుకుని ఉంటే అనుమానించాలి. హెచ్‌ఎంటీల్లో ఈ బెడద మరీ ఎక్కువ. తళతళలాడే నారింజ, చిలకపచ్చ డయళ్ళతో ‘కొత్తది’లా కనిపించే పైలట్ దొరికితే, అది మళ్ళీ పెయింట్ చేసినదే అయ్యుండే అవకాశం ఎక్కువ. అలాంటిది మీ దగ్గరుంటే దాచాల్సిన పనే లేదు. హాయిగా రోజూ పెట్టుకోండి.

తరవాత కేసు. వెనక మూత మీద ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉంటే మూత ఒక్కటే స్టీలు అని అర్థం. పై కేసు మామూలుగా ఇత్తడి లాంటి లోహం మీద క్రోమ్ లేదా బంగారు పూత. ఆ పూత చెమటకు, చొక్కా కఫ్ రాపిడికి బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర ముందు పోతుంది. పాత స్విస్ వాచీల్లో ‘20 మైక్రాన్లు’ అని చెక్కి ఉంటే ఆ పూత మందం అదే. మిల్లీమీటరులో యాభయ్యో వంతు. ఒక్క గట్టి పాలిష్‌తో అంచుల దగ్గర ఇత్తడి బయటపడుతుంది. పూర్తి స్టీలు కేసయితే రోజువారీ వాడకానికి భయం లేదు.

చీకట్లో మెరిసే డయల్ అయితే ఇంకో సంగతి. 1960ల ముందు వరకు చాలా వాచీలకు రేడియం అనే రేడియోధార్మిక పదార్థం పూసేవారు, ఆ తరవాత అలాంటిదే అయిన ట్రిటియం వచ్చింది. డయల్ అడుగున ‘స్విస్’ పక్కన ‘టి’ అక్షరం ఉంటే ట్రిటియం. దాని శక్తి 12.3 ఏళ్ళకు సగమవుతుంది కాబట్టి 1965నాటి వాచీలో ఇప్పుడు మిగిలింది మూడు శాతం చిల్లరే. రేడియం సగమవడానికి 1600 ఏళ్ళు పడుతుంది. అది మెరవడం మానేసినా రేడియం అలాగే ఉంటుంది, పాడైంది దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ మాత్రమే. మూత, గ్లాసు బిగించి ఉన్న రేడియం వాచీని అప్పుడప్పుడూ పెట్టుకోవచ్చు. కానీ ఇంట్లో విప్పకూడదు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడమే అసలు ప్రమాదం. అలాంటివి నాలుగైదు ఉంటే పడకగదిలో పెట్టకండి.

3. మిషన్ పరిస్థితి చూపించండి

ఆఖరి సర్వీసింగ్ ఎప్పుడో తెలియకపోతే, పెట్టుకోవడానికి ముందే సర్వీసింగ్ చేయించాలి. ఎండిన నూనెతో తిరిగే మిషన్‌లో ఇరుసుల కొనలు అరిగిపోతాయి. టైం బాగానే చూపిస్తోంది కదా అనుకుంటారు, కానీ అరుగుదల టైంలో కనిపించేసరికి పార్టు పోయి ఉంటుంది.

షాపులో టైమ్‌గ్రాఫర్ (వాచీ చప్పుడు విని నడకను కొలిచే యంత్రం) మీద పెట్టించి చూడండి. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉండగా బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగుతూ వాచీని నడిపే చక్రం) ఊపు 270 నుంచి 300 డిగ్రీలు ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. 220 దాటకపోతే వెంటనే సర్వీసింగ్. మోడల్‌ను బట్టి యంత్రంలో లిఫ్ట్ యాంగిల్ అనే కొలత సరిచేయకపోతే ఈ అంకె తప్పు వస్తుంది, అది అడిగి మరీ పెట్టించండి.

షాక్ రక్షణ ఉందో లేదో కూడా అడగండి. ఇన్‌కాబ్లాక్, పారాషాక్, డయాషాక్ అన్న పేర్లు డయల్ మీదో మిషన్ మీదో కనిపిస్తాయి. హెచ్‌ఎంటీల్లో ఉండేది పారాషాక్. ఇది లేని పాత వాచీ ఒక్కసారి గచ్చు మీద పడితే బ్యాలెన్స్ ఇరుసు విరిగిపోవచ్చు. అలాంటిది రోజూ పెట్టుకునే వాచీ కాదు.

4. ఇప్పుడు తేల్చండి

మూడు ప్రశ్నలు చాలు. పోతే మళ్ళీ కొనగలరా? దీని పార్టులు దొరుకుతాయా? డయల్, కేసు ఎంత శుభ్రంగా ఉన్నాయి?

మూడో ప్రశ్న చాలామందికి తట్టదు. అసలు పెట్టెలో, కాగితాలతో, ఒక్క గీత లేకుండా, పాలిష్ తగలకుండా మిగిలిన వాచీ ధర ఆ కన్నెతనం వల్లే వస్తుంది. అలాంటిదాన్ని దాచాలి, పెట్టుకోవాలనిపిస్తే అదే మోడల్‌లో కొంచెం వాడినది ఇంకోటి కొనుక్కోవడం మేలు. అప్పటికే ముప్ఫై ఏళ్ళు వాడిన వాచీ ధరలో ఆ వాడకం ముందే లెక్కలోకి వచ్చేసింది. ఇంకో పదేళ్ళు జాగ్రత్తగా పెట్టుకున్నా పెద్దగా తేడా రాదు. నటుడు పాల్ న్యూమన్ చేతికి ఉన్న రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్క్‌లో ఫిలిప్స్ వేలంలో 1.77 కోట్ల డాలర్లకు పైగా పలికింది. అది ఏళ్ళ తరబడి వాడిన వాచీయే. వెనక మూత మీద ఆయన భార్య చెక్కించిన మాటలు కూడా అలాగే ఉన్నాయి.

మీ వాచీ వెనక ‘పదవీ విరమణ సందర్భంగా’ అనో, పెళ్ళి తేదీయో చెక్కి ఉంటే దాన్ని చెరిపించకండి. చెరిపితే మూత పలచబడుతుంది, చరిత్రా పోతుంది.

వాడిన స్టీలు వాచీ, పార్టులు దొరికేది, షాక్ రక్షణ ఉన్నది: వారానికి రెండు మూడు రోజులు నిశ్చింతగా పెట్టుకోండి. పూత కేసు, మంచి డయల్: నెలకు రెండు మూడుసార్లు, ఏసీ గదిలో పనులకు, శుభకార్యాలకు. షాక్ రక్షణ లేనిది, లేదా పార్టులు దొరకని క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీ): ఏడాదికి కొన్ని రోజులు. పోతే మళ్ళీ కొనలేనిది, బీమా కూడా లేనిదైతే ముందు బీమా సంగతి చూశాకే బయటికి తీయండి.

5. పెట్టుకునే రోజున

నీళ్ళ విషయంలో డయల్ మీద రాసింది నమ్మకండి. ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట తయారైన నాటిది. రబ్బరు రింగు గట్టిపడి, కీ గొట్టం అరిగాక దానికి అర్థం లేదు. చేతులు కడుక్కునేటప్పుడు కూడా తీసేయండి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్ళలో నీళ్ళు తగలకపోయినా ఉప్పు గాలి, చెమట చాలు. లోపల తేమ ఉందో లేదో తెలుసుకోవడానికి ఫ్రిజ్‌లో చల్లబరిచిన స్టీలు చెంచాను పొడిగా తుడిచి, వాచీ గ్లాసు మీద ఒకటి రెండు నిమిషాలు ఆనించండి. గ్లాసు లోపలివైపు ఆవిరి పడితే ఆ రోజే షాపుకి తీసుకెళ్ళి మూత తీయించి ఆరబెట్టించాలి. బియ్యంలో పెట్టడం, ఎండలో పెట్టడం వద్దు. బియ్యం లోపలి తేమను లాగలేదు, ఎండకు డయల్ లక్క పగులుతుంది.

శానిటైజర్, అత్తరు, బాడీ స్ప్రే పూసుకున్నాక అవి పూర్తిగా ఆరేదాకా ఆగండి. పాత వాచీల గ్లాసు ఎక్కువగా యాక్రిలిక్, ఆల్కహాల్ తగిలితే సన్నని బీటలు వస్తాయి. గీతలు పడితే మాత్రం భయం లేదు, యాక్రిలిక్ పాలిష్ పేస్టుతో మెత్తటి గుడ్డతో నాలుగైదు నిమిషాలు రుద్దితే పోతాయి.

కీ ఇచ్చేటప్పుడు వాచీ చేతి నుంచి తీయండి. మణికట్టు మీద ఉంచి తిప్పితే కీ రాడ్డు పక్కకు వంగి, గొట్టం అరుగుతుంది. రోజూ ఒకే వేళకు, గట్టిపడేదాకా మాత్రమే. తేదీ ఉన్న వాచీల్లో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు వరకు తేదీ మార్చకండి, ఆ వేళ పళ్ళు కలిసి ఉంటాయి, విరుగుతాయి.

వాచీ కింద పడడానికి ముఖ్య కారణం బెల్టును కొమ్ములకు పట్టి ఉంచే పాత స్ప్రింగ్ పిన్నులు. బెల్టు మార్చిన ప్రతిసారీ కొత్తవి వేయండి. కొమ్ముల మధ్య వెడల్పు 18 మిల్లీమీటర్లయితే పిన్నూ అంతే కొలతది కావాలి, కాస్త పొట్టిది సరిపెట్టకూడదు. బెల్టు పట్టి రెండు వైపులా గట్టిగా లాగి చూశాకే చేతికి. ఒకే ముక్కగా ఉండే నైలాన్ బెల్టు రెండు పిన్నుల కిందుగా వెళ్తుంది కాబట్టి ఒక పిన్ను ఊడినా వాచీ చేతిలోనే ఉంటుంది. విలువైన వాచీకి ఇంతకంటే చవకైన రక్షణ లేదు.

వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాలకు నిమిషాలు ముందుకు పోతుంటే అయస్కాంతం పట్టి ఉంటుంది. ఫోన్ కవరు మూతలు, హ్యాండ్‌బ్యాగు బటన్లు, స్పీకర్లు దీనికి కారణం. షాపులో డీమాగ్నటైజర్‌తో అర నిమిషం పని.

6. సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు

వాచీ ధర అన్నిటికంటే ఎక్కువ పడిపోయేది ఇక్కడే. ‘కొత్తదానిలా చేసి ఇస్తాను’ అన్న మాట వినగానే ఆగండి. పాలిష్ చేస్తే కేసు పదును అంచులు గుండ్రబడతాయి. డయల్ మళ్ళీ వేయిస్తే ధర సగానికి పైగా పోవచ్చు. మెరిసే పూత కొత్తగా పూస్తే ముళ్ళ రంగు డయల్‌తో కలవదు.

ఇచ్చే ముందు డయల్, వెనక మూత, మిషన్, సీరియల్ నంబరు ఫొటోలు తీయండి. రసీదు మీద ఈ నాలుగు మాటలు రాయించుకోండి: కేసు పాలిష్ చేయవద్దు. డయల్, ముళ్ళు తుడవవద్దు. తీసిన ప్రతి పాత పార్టూ తిరిగి ఇవ్వాలి. పార్టు మార్చాల్సి వస్తే ముందు ఫోన్ చేయాలి. పాత కీ, పాత గ్లాసు, పాత ముళ్ళు చిన్న కవరులో వేసి తేదీ రాసి దాచండి. రేపు కొనేవాళ్ళు అసలు పార్టులు ఉంటే కాస్త ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడతారు.

వాడే వాచీకి నాలుగైదేళ్ళకోసారి సర్వీసింగ్ సరిపోతుంది. హెచ్‌ఎంటీకి పార్టుల కోసం అదే మిషన్ ఉన్న పాడైపోయిన వాచీ ఒకటి కొని పక్కన పెట్టుకోవడం తెలివైన పని.

7. దాచేవాళ్ళకు

దాచినంత మాత్రాన నూనె ఎండకుండా ఉండదు. తోలు బెల్టు తీసేసి, వాచీని మెత్తటి నూలు గుడ్డలో చుట్టి, ఐదు గ్రాముల సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. స్పాంజి ఉన్న డబ్బాలు వద్దు, ఏళ్ళు గడిస్తే స్పాంజి జిగటగా మారి అంటుకుంటుంది. సర్వీసింగ్ అయిన వాచీకి నెలకోసారి కీ ఇవ్వవచ్చు. సర్వీసింగ్ కానిదానికి ఇవ్వకండి. సెల్‌తో నడిచే పాత క్వార్ట్జ్ అయితే సెల్ తీసేయాలి, కారితే సర్క్యూట్ పోతుంది.

బ్యాంకు లాకరు బీమాతో సమానం కాదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం, ఉద్యోగి మోసం వంటి వాటికి బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లు మాత్రమే. అద్దె 2 వేలయితే గరిష్ఠంగా 2 లక్షలు, లాకరులో ఎంత ఉన్నా సరే. వరద, భూకంపం లాంటి ప్రకృతి వైపరీత్యాలకు సాధారణంగా అదీ రాదు. ఇంటి బీమాలో విలువైన వస్తువులకు ‘ఆల్ రిస్క్స్’ విభాగం ఉంటే వాచీని పేరు, సీరియల్ నంబరుతో అందులో చేర్పించండి. ఇంటి బయట కూడా వర్తిస్తుందా, విలువ ముందే ఒప్పుకుంటారా అని రాతపూర్వకంగా అడగండి. అరుగుదల, యాంత్రిక లోపం సాధారణంగా కవర్ కావు. రెన్యువల్ చేసిన ప్రతిసారీ విలువ సవరించండి.

విదేశాలకు వెళ్ళేవాళ్ళు, అమెరికా, గల్ఫ్ నుంచి సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళు ఖరీదైన వాచీ చేతికి పెట్టుకుని బయల్దేరుతుంటే, భారత విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి దగ్గర ఎగుమతి ధృవపత్రం తీసుకోండి. వాచీ, సీరియల్ నంబరు చూపించాలి కాబట్టి చెక్-ఇన్‌కి ముందు కొంత సమయం ఉంచుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ కాగితం ఉంటే అది కొత్తగా కొని తెచ్చింది కాదని రుజువు చేయడం సులువు. సర్వీసింగ్ రసీదులు, పాత ఫొటోలు ఫోన్‌లోనూ ఉంచుకోండి.