పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలో ఏ డేటాను ఏ టైప్‌లో పంపాలి, ఏ టైప్‌లో తీసుకోవాలి?

పైథాన్‌లో వెబ్ సర్వర్లతో మాట్లాడటానికి వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీలో ఎర్రర్లు చాలాసార్లు టైపుల (స్ట్రింగ్, డిక్షనరీ లాంటి డేటా రకాల) దగ్గరే పుడతాయి. అందుకే కోడ్ రాసే ముందే ఏం పంపుతున్నాం, తిరిగి ఏం వస్తుంది అన్నది తేల్చుకోండి.

ముందు పంపే వైపు చూద్దాం. యూఆర్ఎల్ చివర ప్రశ్న గుర్తు తర్వాత వెళ్లాల్సినవి పారామ్స్ అనే ఆర్గ్యుమెంట్‌కి డిక్షనరీగా ఇవ్వండి. అందులో ఏదైనా విలువ నన్ (None, అంటే ఏ విలువా లేదని) అయితే అది యూఆర్ఎల్‌లోకి అసలు వెళ్లదు. హెడర్ల (రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే అదనపు వివరాల) విలువలు మాత్రం స్ట్రింగ్ గానీ బైట్స్ గానీ అయి ఉండాలి, అంకె ఇస్తే ఎర్రర్ వస్తుంది.

తర్వాత బాడీ, అంటే రిక్వెస్ట్‌లో వెళ్లే అసలు డేటా. డిక్షనరీని డేటా అనే ఆర్గ్యుమెంట్‌కి ఇస్తే వెబ్ ఫారం నింపినట్టు వెళ్తుంది, జేసన్ అనే ఆర్గ్యుమెంట్‌కి ఇస్తే జేసన్‌గా (JSON, డేటాను టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) మారి, దానికి తగ్గ కంటెంట్ టైప్ హెడర్‌తో సహా వెళ్తుంది. ఫారంలో ట్రూ అన్న విలువ కూడా ఉత్త అక్షరాలుగానే వెళ్తుంది, జేసన్‌లో అయితే బూలియన్‌గానే ఉంటుంది. డేటా, జేసన్ రెండూ ఒకేసారి ఇచ్చారంటే జేసన్‌ని పట్టించుకోదు, ఎర్రర్ కూడా చూపించదు, కాబట్టి ఒక్కటే ఇవ్వండి. ఫైల్ పంపాలంటే దాన్ని బైనరీ మోడ్‌లో తెరవండి.

ఇక తిరిగి వచ్చేది. మనవాళ్లు బాగా ఇబ్బంది పడేది ఇక్కడే. రెస్పాన్స్‌లో (సర్వర్ ఇచ్చిన జవాబులో) కంటెంట్ అంటే సర్వర్ పంపిన బైట్స్, టెక్స్ట్ అంటే వాటిని డీకోడ్ చేసిన స్ట్రింగ్. 'తెలుగు' అన్న మాట స్ట్రింగ్‌గా పొడవు 6, అదే యూటీఎఫ్-8 బైట్స్‌గా 18, ఎందుకంటే మన అక్షరానికీ గుణింతపు గుర్తుకీ ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. సర్వర్ మామూలు టెక్స్ట్ గానీ హెచ్‌టీఎంఎల్ గానీ పంపి ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్స్‌గా రాసే పద్ధతి) చెప్పకపోతే, లైబ్రరీ దాన్ని తెలుగు అక్షరాలు లేని ఐఎస్ఓ-8859-1 అనే ఎన్‌కోడింగ్ అనుకుంటుంది. అప్పుడు తెలుగు పేజీ మొత్తం పిచ్చి అక్షరాలైపోతుంది! టెన్షన్ పడకండి, డేటా ఏమీ పోలేదు. రెస్పాన్స్‌కి ఉన్న ఎన్‌కోడింగ్‌ని యూటీఎఫ్-8గా మార్చి, టెక్స్ట్‌ని మళ్లీ చదవండి, చక్కగా వస్తుంది. బొమ్మలు, పీడీఎఫ్‌లు అయితే టెక్స్ట్ జోలికే వెళ్లకుండా కంటెంట్‌నే ఫైల్‌లో రాసుకోండి.

రెస్పాన్స్‌లోని జేసన్‌ని పైథాన్ డేటాగా మార్చే జేసన్ మెథడ్ ప్రతిసారీ డిక్షనరీయే ఇస్తుందనుకోవద్దు, లిస్ట్ రావచ్చు, నన్ కూడా రావచ్చు. సర్వర్ హెచ్‌టీఎంఎల్ ఎర్రర్ పేజీ పంపితే ఈ మెథడ్ డీకోడ్ ఎర్రర్ ఇస్తుంది కాబట్టి ముందు స్టేటస్ కోడ్ (రిక్వెస్ట్ ఏమైందో చెప్పే నంబర్) చూడండి. అది పూర్ణాంకం, దాన్ని స్ట్రింగ్‌తో పోలిస్తే ఎప్పటికీ కుదరదు. ఇంకోటి, 404 (పేజీ దొరకలేదు) లాంటి రెస్పాన్స్‌ని నేరుగా ఇఫ్‌లో పెడితే ఫాల్స్ అవుతుంది. రెస్పాన్స్ వచ్చిందా లేదా అని మాత్రమే తెలియాలంటే అది నన్ కాదని చూడండి.

చివరగా టైమౌట్ తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే సర్వర్ పలకనంతసేపూ మీ ప్రోగ్రామ్ అలా ఆగిపోయే ఉండొచ్చు. సెకన్లలో ఒక అంకె చాలు, లేదా (3, 20) అని టపుల్‌గా (జంటగా) ఇస్తే మొదటిది కనెక్ట్ అవడానికి, రెండోది జవాబు కోసం ఆగడానికి.