గ్రూప్ ప్రాజెక్ట్ ఎక్కడ ఆగింది? చెన్నైలో చదివే మనవాళ్ల కోసం

గ్రూప్ ప్రాజెక్టులో గొడవ బయటపడేది రివ్యూ ముందు రోజు రాత్రి. అది మొదలయ్యేది మాత్రం చాలాసార్లు మొదటి వారంలోనే. మీ గ్రూపులో ఏ లక్షణం కనిపిస్తోందో చూసి, అక్కడినుంచి చదవండి.

లక్షణం: టాపిక్ ఓకే అయింది, పని మాత్రం కదలడం లేదు

కారణం: "నువ్వు హార్డ్‌వేర్, నువ్వు కోడింగ్, నువ్వు రిపోర్ట్" అని పంచేసుకుని ఉంటారు. అలా పంచితే రిపోర్ట్ రాసేవాళ్లకు మొదట్లో పనే ఉండదు, చివరి వారం ఊపిరాడదు. కోడింగ్ చేసేవాళ్లు సెన్సార్ చేతికొచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటారు.

పరిష్కారం: వారంలో చూపించగలిగే చిన్న పనులుగా విడగొట్టండి. నేల తేమను బట్టి మోటార్ ఆన్ చేసే ప్రాజెక్టే తీసుకోండి (ఏ కాలేజీకెళ్లినా ఇది ఒకటి ఉంటుంది). "హార్డ్‌వేర్ నీది" అనకుండా, "శుక్రవారానికి సెన్సార్ రీడింగ్ ల్యాప్‌టాప్‌లో కనిపించాలి" అనండి. కోడ్ రాసేవాళ్లు ఈలోపు ఉత్తుత్తి రీడింగ్‌లు పెట్టుకుని మొదలుపెట్టొచ్చు. రిపోర్టులో ఎవరి భాగం వాళ్లు, పని చేసిన వారంలోనే నాలుగు లైన్లు రాసి పడేయాలి.

లక్షణం: ఒక్కరే చేస్తున్నారు, మిగతావాళ్లు చూస్తున్నారు

కారణం బద్ధకమేనని తేల్చేయకండి. ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజనీర్ రింగెల్‌మన్ తాడు లాగించి చేసిన ప్రయోగాల ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఎనిమిది మంది కలిసి లాగితే, ఒక్కొక్కరి వంతు ఒంటరిగా లాగినప్పటి బలంలో దాదాపు సగానికి పడిపోయింది. అందరూ ఒకేసారి లాగలేకపోవడం కొంత, మిగతావాళ్లు లాగుతున్నారు కదా అని కాస్త వదులు చేయడం కొంత. ఎవరి వంతు ఎంతో విడిగా తెలిసిపోతుందంటే ఆ వదులు తగ్గుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

పరిష్కారం: ఒకే షీట్‌లో పని, పేరు, తేదీ, అయిందా లేదా. కోడ్ గిట్‌లో (ఎవరు ఏ మార్పు చేశారో నమోదు చేసే టూల్), ఎవరి అకౌంట్ నుంచి వాళ్లే పెట్టాలి. నా దృష్టిలో ఇందులో గ్రూపు టాపర్ తప్పు కూడా సగం ఉంటుంది. మిగతావాళ్లు ఇచ్చింది నచ్చక రాత్రికి రాత్రి మొత్తం తిరగరాస్తే, రేపట్నుంచి వాళ్లెందుకు కష్టపడతారు? ఎక్కడ బాగోలేదో చెప్పి వెనక్కివ్వండి. అయినా కదలకపోతే ఆ షీట్ తీసుకుని గైడ్ దగ్గరికి వెళ్లండి, అదీ మొదటి రివ్యూకి ముందే. చివరి వారంలో చెబితే అది చాడీలా వినిపిస్తుంది.

లక్షణం: ఒకరు మీటింగుల్లో నోరు విప్పరు, వాట్సాప్‌లో "ఓకే" తప్ప ఏమీ రాదు

దీని గురించి మనవాళ్లలో ఎవరూ మాట్లాడుకోరు. ముగ్గురు తెలుగువాళ్లు, ఒక తమిళ అబ్బాయి ఉన్న గ్రూపు అనుకోండి. ఇంగ్లీషులో మొదలైన చర్చ రెండు నిమిషాల్లో తెలుగులోకి జారిపోతుంది. అసలు నిర్ణయాలు రాత్రి పదింటికి హాస్టల్ రూమ్‌లో జరుగుతాయి. అప్పటికి అతను కాలేజీ బస్సెక్కి ఇల్లు చేరి ఉంటాడు. తెల్లారేసరికి టైటిల్ మారిపోయి ఉంటుంది. మనం మాత్రం "అతనికి ఇంట్రెస్ట్ లేదు" అంటాం. తరగతి మొత్తం తమిళంలో నవ్వుతున్నప్పుడు మనకెలా ఉంటుందో తెలిసీ అదే పని చేస్తున్నాం.

పరిష్కారం: మీటింగ్ క్లాసులయ్యాక, బస్సు కదిలే ముందు క్యాంటీన్‌లో పెట్టుకోండి, అరగంట చాలు. హాస్టల్‌లో ఏం అనుకున్నా అది ప్రతిపాదనే. గ్రూపులో ఇంగ్లీషులో రాసి, అతను సరే అన్నాకే నిర్ణయం. అతన్ని "నీకు ఓకేనా?" అని అడగకండి, ఓకే అనే అంటాడు. "ఇందులో ఏది మార్చాలి?" అని అడగండి. తమిళం వచ్చు కదా అని రిచీ స్ట్రీట్‌లో (చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే బజారు) బేరాలన్నీ అతని నెత్తిన వేయడం కూడా వద్దు. కోడ్‌లోనో డిజైన్‌లోనో తనదంటూ ఒక భాగం ఉండాలి.

లక్షణం: డెమో ముందు సెన్సార్ పోయింది

చవకైన సెన్సార్లు మొదటే రెండేసి కొనండి. రిచీ స్ట్రీట్‌లో ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి, కాబట్టి సోమవారం రివ్యూ ఉంటే శనివారమే అన్నీ పెట్టి చూసుకోవాలి. బిల్లు ఫొటో అదే రోజు గ్రూపులో పెట్టి ఖర్చు పంచేసుకోండి. డబ్బులు అడగడానికి మొహమాటపడే స్నేహితుడు ఊరికే ముభావంగా అయిపోతాడు, మిగతావాళ్లకు కారణమే తెలియదు.

లక్షణం: జనవరిలో పని ఆగిపోయింది

సంక్రాంతి. టికెట్లు ముందే బుక్ చేసుకుంటారు కదా, ఆ తేదీలు షీట్‌లో కూడా వేయండి.