ఇంట్లో మార్ఫిన్ వాడకం: నొప్పి తగ్గాలి, వ్యసనం కాకూడదు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి క్యాన్సర్ వైద్యానికి విశాఖపట్నమో బరంపురమో వెళ్ళినవాళ్ళలో కొందరికి డాక్టర్లు మార్ఫిన్ బిళ్ళలు ఇచ్చి ఇంటికి పంపుతారు. ఆ పేరు వినగానే ఇంట్లోవాళ్ళకు భయం. నల్లమందే కదా, అలవాటైపోతుందని బిళ్ళలు బీరువాలో పెట్టి, రోగి తాళలేక అరిచినప్పుడే ఒకటి తీసి ఇస్తారు. మార్ఫిన్‌ను అలా మాత్రం వాడకూడదు.

ఎందుకో తెలియాలంటే అది ఒంట్లో ఏం చేస్తుందో చూడాలి. పుండు నుంచి బయలుదేరిన నొప్పి కబురు నరాల మీదుగా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. ఆ కబురును తగ్గించడానికి మన శరీరమే ఎండార్ఫిన్లు అనే రసాయనాలను తయారుచేసుకుంటుంది. అవి పట్టుకోవడానికి నరకణాల మీద గ్రాహకాలు ఉంటాయి. గసగసాల కాయ పాల నుంచి తీసే మార్ఫిన్ కూడా ఆ గ్రాహకాలనే పట్టుకుంటుంది. దాంతో వెన్నుపాములో కబురు మోసే రసాయనాలు తక్కువగా విడుదలవుతాయి. మెదడులో నొప్పితోపాటు వచ్చే బెంగ, విలవిల కూడా సద్దుమణుగుతాయి. పుండు మానదు, బాధ తగ్గుతుంది. ఇవే గ్రాహకాలు పేగుల్లోనూ, ఊపిరిని నడిపే మెదడు కాండంలోనూ, సుఖాన్ని గుర్తుపెట్టుకునే మెదడు భాగంలోనూ ఉన్నాయి. మేలూ కీడూ రెండూ అందుకే.

మామూలు మార్ఫిన్ బిళ్ళ అరగంటలో పని మొదలుపెట్టి, దాదాపు 4 గంటలు ఉంటుంది. కాబట్టి నొప్పి కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి ఇవ్వాలి: ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. అర్ధరాత్రి లేపకుండా ఉండేందుకు రాత్రి 10 గంటలకు రెట్టింపు మోతాదు రాసే డాక్టర్లు ఉన్నారు. చీటీలో ఉంటేనే అలా ఇవ్వండి. మొదట్లో సాధారణంగా ఒక్కో పూటకు 5 లేదా 10 మిల్లీగ్రాములు ఉంటుంది. నొప్పి ఆగకపోతే డాక్టరు పెంచుతారు, మీరు పెంచకండి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండూ కలిపి ఇవ్వకూడదు. పట్టీ మీద ‘ఎస్‌ఆర్’ అని ఉంటే అది 12 గంటల బిళ్ళ. మింగలేకపోతున్నారని దాన్ని నూరి ఇస్తే రోజులో సగానికి సరిపడే మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ప్రాణం మీదికి వస్తుంది.

పట్టీ మీద, చీటీ మీద ఇంగ్లీషో ఒడియానో ఉంటుంది. ఇచ్చేది తెలుగు మాత్రమే చదివే కోడలో మనవడో అయితే వేళలు, మోతాదు తెలుగులో అట్ట మీద రాసి గోడకు పెట్టండి. ఇచ్చిన ప్రతిసారీ టిక్కు పెట్టండి.

మలబద్ధకం వచ్చి తీరుతుంది. మిగతా ఇబ్బందుల్లా కొన్నాళ్ళకు సర్దుకోదు. అందుకే మొదటి రోజు నుంచే విరేచనానికి బిసాకోడిల్ లాంటి మందు అడిగి తీసుకోండి. మూడు రోజులు విరేచనం కాకపోతే డాక్టరుకు చెప్పాలి. వాంతి, మగత మొదటి కొద్దిరోజుల్లో తగ్గిపోతాయి. మూత్రం తగ్గి, చేతులు ఉలిక్కిపడుతుంటే కిడ్నీలు మందును బయటికి పంపలేకపోతున్నాయని అనుమానించి వెంటనే ఫోన్ చేయండి. సారా, జీలుగు కల్లు, నిద్రమాత్రలు దీనితో కలవకూడదు.

ఇక వ్యసనం మాట. వారాల తరబడి వాడితే శరీరం మందుకు అలవాటుపడుతుంది. హఠాత్తుగా ఆపితే ఆవలింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. ఇది వ్యసనం కాదు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తే పోతుంది. మందు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని ఎగదోసినప్పుడు కలిగే హాయి కోసమే మనిషి వెతకడం మొదలుపెడితే, నష్టం కనిపిస్తున్నా మానలేకపోతే అది వ్యసనం. నొప్పి లేకున్నా, దిగులుకో నిద్రకో బిళ్ళ అడగడం, దాచుకోవడం, లెక్కలో తేడాలు రావడం దాని గుర్తులు. నొప్పికి వేళప్రకారం వాడేవారిలో ఆ ముప్పు తక్కువే కానీ అసలు లేదని కాదు. ముందే మద్యం, మత్తుమందుల అలవాటు ఉన్నవారికి ఎక్కువ. ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకండి. ట్రమడాల్ అనే నొప్పి మందూ, కోడీన్ ఉన్న దగ్గుమందూ మార్ఫిన్ కుటుంబానివే. ట్రమడాల్‌ను 2018లో మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి తెచ్చారు. వ్యసనానికి బ్యూప్రెనార్ఫిన్ అనే మందుతో వైద్యం ఉంది. 14446కి ఫోన్ చేసి అడగొచ్చు. మానేసినవారు మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ఒళ్ళు తట్టుకోలేదు, చాలా చావులు అలాగే జరుగుతాయి.

లేపినా లేవకపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం, పెదవులు నీలంగా మారడం మోతాదు మించిన గుర్తులు. కంటిపాపలు చిన్నవి కావడం ఒక్కటే అయితే మార్ఫిన్ వాడేవారిలో మామూలే. మోతాదు మించిన గుర్తులు కనిపిస్తే 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మత్తు దిగుతుందని నిమ్మరసమో మజ్జిగో నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆసుపత్రిలో మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ ఇవ్వగానే లేచి కూర్చుంటారు. అప్పుడే ఇంటికి తీసుకొచ్చేయకండి. నాలోక్సోన్ బలం మార్ఫిన్ కంటే ముందే తగ్గుతుంది, మత్తు మళ్ళీ కమ్ముతుంది.

ఎన్‌డీపీఎస్ చట్టానికి 2014లో చేసిన సవరణ తర్వాత గుర్తింపు పొందిన ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడం సులువైంది. అయినా మన ఊళ్ళలో మందుల షాపుల్లో దొరుకుతుందనుకోకండి. మందు ఇంకా వారానికి సరిపడా ఉండగానే ఆసుపత్రికి బయలుదేరండి, దారిలో చీటీ వెంట ఉంచుకోండి. బిళ్ళలు తాళం వేసి, రోజూ లెక్కపెట్టండి. రోగి పోయాక మిగిలినవాటిని నడుంనొప్పి అన్న పక్కింటివాళ్ళకు ఇవ్వకుండా, ఇచ్చిన ఆసుపత్రికే లెక్కప్రకారం అప్పగించండి.